కాగితం చెప్పిన సాక్ష్యం
‘కరప్షన్’ అనే కంప్యూటరు ఆటపై ఒక పరిశీలన

మన పత్రికలో హరికథల మీద, నాటకాల మీద, అమ్మోరు పండుగ పాటల మీద విమర్శలు వచ్చాయి. కంప్యూటరు ఆట మీద విమర్శ వచ్చినట్టు నాకు గుర్తు లేదు. పగలు లెక్కలు చెప్పుకుంటూ, సాయంకాలపు తరగతుల్లో తెలుగు నేర్చుకున్న ఒక టీచరు దీనికి పూనుకోవడం సాహసమే అని పాఠకులు అనుకోవచ్చు. కాని ఈ ఆటలో ఉన్నది లెక్కల మోసం. లెక్కలు చెప్పేవాళ్లు దాని గురించి మాట్లాడితే తప్పు లేదని నా మనవి.

సెలవులకు నేను జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ వచ్చాను. మా అన్నయ్య కొడుకు ఇక్కడ ఇంజనీరు. మారిషస్‌లో మా ఊరి చెరకు మిల్లుకు ఒకటే పొగగొట్టం ఉండేది. ఇక్కడ కాలువ ఒడ్డున కార్ల ఫ్యాక్టరీ విద్యుత్కేంద్రానికి నాలుగున్నాయి. ఊరంతా వాటి కిందనే పుట్టి పెరిగింది. బయట మంచు. ఇంట్లో కూర్చుని విసుగెత్తిన నాకు మేనల్లుడు ఒక పాత అటారీ యంత్రం తెచ్చి పెట్టాడు. “అత్తయ్యా, ఇందులో బొమ్మలకంటే మాటలే ఎక్కువ. నీకు నచ్చుతుంది,” అన్నాడు. ఆ విధంగా నాకు ‘కరప్షన్’ పరిచయమైంది.

ఇటువంటి ఆటలు చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఇందులో తుపాకులు పేల్చడం, కార్లు పరుగెత్తించడం ఉండవు. తెర మీద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి: మీరు ఫలానా గదిలో ఉన్నారు, ఇక్కడ ఒక బల్ల ఉంది, తూర్పున తలుపు ఉంది అని. మనం ‘బల్ల చూడు’, ‘తలుపు తెరువు’, ‘తూర్పుకు పో’ అన్నట్టుగా ఇంగ్లీషులో టైపు చేస్తే, యంత్రం ఆ పని జరిగిందో లేదో చెబుతుంది. 1970ల నడుమ విల్ క్రౌథర్ అనే అమెరికా ప్రోగ్రామరు గుహలలో తిరిగే ఆటగా దీనికి నాంది పలికాడు. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచి పెద్దది చేశాడు. తర్వాత పదేళ్లపాటు ఇది ఒక సాహిత్య ప్రక్రియలాగే వర్ధిల్లింది. లండనులో 1984లో మొదలైన మాగ్నెటిక్ స్క్రోల్స్ అనే సంస్థ ఈ ప్రక్రియలో పేరు పొందింది. ‘ద పాన్’, ‘ద గిల్డ్ ఆఫ్ థీవ్స్’ వంటివి దాని ఆటలే. వాటిలో మంత్రాలు, కోటలు, దొంగలు ఉంటారు. 1988లో వచ్చిన ‘కరప్షన్’లో మాత్రం మంత్రాలూ లేవు, కోటలూ లేవు. లండను ఆర్థిక వీధిలో ఒక ఆఫీసు ఉంది. రాబ్ స్టెగల్స్, హ్యూ స్టీర్స్ దీని రచయితలు.

భాష నేర్చుకున్నవాళ్లకు ఈ ఆట మొదటి అరగంటలోనే ఒక పాత అనుభవం గుర్తు చేస్తుంది. నేను తెలుగు తరగతిలో చేరినప్పుడు మాకు ముందుగా వచ్చినవి ఆజ్ఞలే: రా, పో, కూర్చో, తలుపు వెయ్యి. రెండు మాటలతో బతకడం నేర్చుకున్నాము. ఈ యంత్రం కూడా అంతే. దానికి తెలిసిన మాట పడితే లోకం తెరుచుకుంటుంది. తెలియని మాట పడితే అర్థం కాలేదంటుంది. ఎనిమిదేళ్ల పిల్లలతోపాటు బెంచీ మీద కూర్చుని అక్షరాలు దిద్దిన నాకు ఆ మాట కొత్త కాదు. అందుకు నేను నొచ్చుకోలేదు.

ఇక కథకు వస్తాను. మీకు ఇప్పుడే పదోన్నతి వచ్చింది. కంపెనీలో భాగస్వామి అయ్యారు. కొత్త గది, కొత్త హోదా. అందరూ నవ్వుతూ పలకరిస్తున్నారు. కొంతసేపటికి ఆ నవ్వుల అర్థం తెలుస్తుంది. ఈ పదోన్నతి బహుమానం కాదు, ఉచ్చు. ఇంకొక భాగస్వామి చేసిన నేరాన్ని మీ నెత్తిన రుద్దడానికే మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. సాక్ష్యాలు పోగుచేసి నిర్దోషి అని నిరూపించుకోకపోతే జైలు తప్పదు. బలి ఇవ్వబోయే మేకకు ముందు పసుపు రాసి దండ వేస్తారు. ఆ దండను ఇంతమంది పదోన్నతి అనుకుంటారని ఈ ఆట చెప్పినంత చక్కగా చెప్పిన నాటకం నేను చూడలేదు.

ఇంతకీ ఆ నేరం ఏమిటి? ‘ఇన్‌సైడర్ ట్రేడింగ్’. లోపలి రహస్యం తెలిసినవాడు అది బయటికి రాకముందే వాటాలు కొనడమో అమ్మడమో చేయడం. తోటలో పెరిగినవాళ్లకు ఇలా చెబితే అర్థమవుతుంది. బియ్యం ఓడ నెల రోజులు ఆలస్యమని దుకాణదారుకు రాత్రి కబురు వచ్చింది. తెల్లవారగానే అతడు ఇరుగుపొరుగుల దగ్గరికి వెళ్లి, నిన్నటి ధరకే వాళ్ల ఇళ్లలోని బియ్యం కొనేశాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. తెలిసిన సంగతి చెప్పలేదు, అంతే. వారం తిరిగేసరికి ఆ బియ్యమే మూడింతల ధరకు మళ్లీ వాళ్లకే అమ్మాడు. లండనులో జరిగేదీ ఇదే. బియ్యం బదులు వాటాలు.

ఆట వచ్చిన కాలాన్ని కూడా గమనించాలి. 1986 అక్టోబరు 27న లండను స్టాక్ ఎక్స్ఛేంజి పాత నిబంధనలు ఎత్తివేసి తలుపులు తెరిచింది. దానిని ‘బిగ్ బ్యాంగ్’ అన్నారు. ఆ మరుసటి నెలలోనే అమెరికాలో ఐవాన్ బోస్కీ అనే వ్యాపారి లోపలి సమాచారంతో వ్యాపారం చేశాడన్న అభియోగాన్ని 10 కోట్ల డాలర్లు కట్టి పరిష్కరించుకున్నాడు. యువకులు కోట్లు గడిస్తున్న రోజులవి. పత్రికలు వాళ్లను మెచ్చుకుంటూనే అనుమానించిన రోజులు కూడా. ఆ మెప్పూ ఆ అనుమానమూ ఈ ఆటలో రెండూ ఉన్నాయి.

ఆటలోని గొప్ప గుణం గడియారం. ఇటువంటి ఇతర ఆటల్లో లోకం మన కోసం ఆగి ఉంటుంది. మనం తలుపు తీసేదాకా లోపలివాడు కదలడు. ఇక్కడ అలా కాదు. మీరు మీ గదిలో సొరుగులు వెతుకుతూ ఉంటే, పక్క గదిలో ఇద్దరు మాట్లాడుకుని వెళ్లిపోతారు. ఆ మాటలు మీరు వినలేదు, ఇక వినరు. ఒకడు బయటికి వెళ్లిన సమయం తెలిస్తేనే అతని గదిలో అడుగు పెట్టగలరు. నేను మొదటి నాలుగు సార్లు జైలుకు పోయాను. అయిదో సారి కాగితం, పెన్సిలు తీసుకుని, బడిలో టైంటేబులు వేసినట్టు ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో గళ్లు గీసుకున్నాను. అప్పుడు కథ విచ్చుకుంది. మోసం ఒక్క క్షణంలో జరగదు, పది మంది పది వేళల్లో చేసే చిన్న చిన్న పనులతో అల్లుకుంటుంది అనే పాఠాన్ని ఉపన్యాసం లేకుండా నేర్పింది. ఇది రచయితల విజయం.

దీనిలోనే ఒక లోపం కూడా ఉంది. నాలుగు సార్లు జైలుకు పోతేగాని ఎప్పుడు ఎక్కడ ఉండాలో తెలియదు. అంటే గెలిచినవాడు తెలివితో గెలవలేదు, జరగబోయేది ముందే తెలిసి గెలిచాడు. ఆలోచిస్తే ఇదీ లోపలి సమాచారమే! లోపలి సమాచారాన్ని వాడుకోవడం నేరమని చెప్పే ఆట, అదే పద్ధతిలో తప్ప గెలవనివ్వదు. రచయితలు ఇది తెలిసే చేశారో లేదో చెప్పలేను. తెలిసి చేసి ఉంటే వాళ్లకు నా నమస్కారం.

భాష విషయంలో ఒక మాట. ఇంగ్లీషులో ‘యూ’ ఒకటే. భాగస్వామినీ, గుమాస్తానూ, ఖైదీనీ ఆట ఆ ఒక్క మాటతోనే పిలుస్తుంది. దీనిని తెలుగులో రాయవలసి వస్తే మొదటి వాక్యంలోనే చిక్కు వస్తుంది: మీరు అనాలా, నువ్వు అనాలా? ఉదయం గుమాస్తా “మీరు” అంటాడు. పోలీసులు వచ్చాక ఎవరో ఒకరు “నువ్వు” అంటారు. మన భాషలో మనిషి పతనం ఆ ఒక్క మాట మార్పులో వినిపిస్తుంది. అది ఇంగ్లీషు ఆటకు దక్కని సౌకర్యం. మన యువకులెవరైనా తెలుగులో ఇటువంటి ఆట తయారు చేయదలిస్తే ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ఈ ఊరి సంగతి చెప్పాలి. ‘కరప్షన్’ వెలువడడానికి ఒక ఏడాది ముందు, 1987 మార్చిలో, వోల్ఫ్స్‌బర్గ్ పేరు ప్రపంచ పత్రికల్లో పడింది. ఫోక్స్‌వాగన్ కంపెనీ కార్లను అమెరికాలోనూ అమ్మేది. అక్కడ వచ్చేవి డాలర్లు, ఇక్కడ జీతాలకు కావలసినవి మార్కులు. 1985 నుంచి డాలరు విలువ పడిపోతూ వచ్చింది. పడే డాలరు వల్ల నష్టం రాకుండా, ఫలానా రోజున ఫలానా ధరకే మార్చుకుంటామని బ్యాంకులతో ముందే ఒప్పందాలు రాసుకుంటారు. ఆ ఒప్పందాల్లో కొన్ని నకిలీవని తేలింది. నష్టం 47 కోట్ల 30 లక్షల మార్కులు. కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే డైరెక్టరు రాజీనామా చేశాడు. పూచీ ఇస్తుందనుకున్న కాగితమే మోసం చేసింది.

ఈ సంగతి తెలిశాక ఆట మీద నాకు మొదటి అసంతృప్తి కలిగింది. ‘కరప్షన్’ కాగితాన్ని నమ్ముతుంది. సరైన పత్రం, సరైన సాక్ష్యం దొరికి సరైనవాడి చేతికి ఇస్తే మీరు నిర్దోషి. లోకంలో అన్నీ అబద్ధాలే కాని కాగితం మాత్రం నిజం. వోల్ఫ్స్‌బర్గ్‌లో అలా జరగలేదు. హైదరాబాదులోనూ అలా జరగలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరాన్ని మన తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. లెక్కల పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి ఆడిటర్ల సంతకాలతో ఆ లెక్కలు వెలువడ్డాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకూ మరికొందరికీ ఏడేళ్ల శిక్ష వేసింది, దానిపై అప్పీలు వెళ్లింది. అక్కడ కాగితాలు కరువు కాలేదు. కాగితాలు ఎక్కువై నిజం కరువైంది.

మన పూర్వులకు కాగితం సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. మారిషస్‌లో 1867 చట్టం తర్వాత ఒప్పందం తీరిన కూలీ కూడా ఫొటో అతికించిన టికెట్టు వెంట పెట్టుకుని తిరగాలి. అది లేకుండా దారిలో పోలీసుకు దొరికితే దేశదిమ్మరి కింద పట్టుకునేవారు. అంటే ‘కరప్షన్’లోని నాయకుడు ఒక్క రోజు పడే బాధను కోరంగి నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి పడ్డారు. ఏ నేరమూ చేయకుండానే జేబులోని కాగితంతో తమ నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకుంటూ నడిచారు.

చట్టం విషయం ఇంకొకటి. ఇన్‌సైడర్ ట్రేడింగ్ బ్రిటనులో 1980 నుంచి నేరం. జర్మనీలో 1994 దాకా అది నేరం కాదు. 1970 నుంచి స్వచ్ఛందంగా పాటించే నియమాలు మాత్రమే ఉండేవి. ఇండియాలో సెబీ నిబంధనలు వచ్చింది 1992లో. 1988లో వోల్ఫ్స్‌బర్గ్‌లో ఎవరైనా ఈ ఆట కొని ఆడి ఉంటే, తన దేశపు చట్టం ఇంకా పేరు పెట్టని నేరం నుంచి తప్పించుకోవడానికి రాత్రంతా శ్రమపడి ఉంటాడు. నేరం అనేది ఎవరో పేరు పెట్టిన రోజున పుడుతుంది. దెబ్బ తిన్నవాడికి అది అంతకు ముందే తెలుసు.

నా రెండో అసంతృప్తి ఇక్కడే ఉంది. ‘కరప్షన్’లో దెబ్బ తిన్నవాడు ఎవరు? మీరు, అంటే ఒక భాగస్వామి. మోసం చేసినవాడు ఇంకొక భాగస్వామి. మరి ఆ వాటాలను నిన్నటి ధరకు అమ్ముకున్న ఇరుగుపొరుగు ఏరి? బియ్యం పోగొట్టుకున్నవాళ్లు ఏరి? ఎంత వెతికినా ఆ ఆఫీసులో వాళ్లు నాకు కనిపించలేదు. డబ్బు ఎక్కడి నుంచో వస్తుంది, ఎక్కడికో పోతుంది. పోగొట్టుకున్నవాడికి ఒక ముఖం లేదు.

ఈ ఊళ్లో ఆ ముఖాలు ఉన్నాయి. వోల్ఫ్స్‌బర్గ్ 1938లో పుట్టిన ఊరు. అప్పటి నాజీ ప్రభుత్వం ప్రతి కార్మికుడికీ కారు ఇస్తామని చెప్పి ఈ ఫ్యాక్టరీ కట్టింది. ధర 990 మార్కులు. వారానికి కనీసం 5 మార్కులు కట్టి, ఒక స్టాంపు తీసుకుని, పుస్తకంలో అతికించాలి. లెక్క వేసి చూడండి: 198 వారాలు, అంటే మూడేళ్ల తొమ్మిది నెలల పైన. వడ్డీ లేదు. సుమారు 3,36,000 మంది చేరారు. యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీ సైన్యం కోసం పని చేసింది, దానిలో విదేశాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలు చెమటోడ్చారు. స్టాంపులు అతికించినవారిలో ఒక్కరికీ కారు రాలేదు. యుద్ధం తర్వాత వాళ్లు కోర్టుకెక్కారు. ఎన్నో ఏళ్లు నడిచిన ఆ వ్యాజ్యం 1961లో రాజీతో ముగిసింది. పూర్తిగా కట్టినవారికి కొత్త కారు ధరలో 600 మార్కుల తగ్గింపు, కారు వద్దంటే చేతికి 100 మార్కులు.

అద్దాల పెట్టెలో ఆ స్టాంపుల పుస్తకం ఒకటి చూశాను. గళ్లన్నీ వరసగా, ఒక్కటీ వంకర లేకుండా నిండి ఉన్నాయి. ప్రతి వారం ఎవరో వంటింటి బల్ల దగ్గర కూర్చుని జాగ్రత్తగా అతికించారు. నాకు మా జేజమ్మ గుర్తొచ్చింది. ఆమెకు చదువు రాదు. చెరకు తోటలో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానిని ‘డబుల్ కట్’ అనేవారు. సిర్దారు పుస్తకంలో ఏమి రాస్తాడో ఆమెకు తెలియదు. అందుకని వాళ్ల అమ్మ పనికి వెళ్లిన ప్రతి రోజుకూ తాడుకు ఒక ముడి వేసేదట. నెలాఖరున ఆ తాడు పట్టుకుని వెళితే, తాడును ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? పుస్తకం చెప్పిందే లెక్క. ఆ తాడు మా ఇంట్లో చాలా కాలం దేవుడి గూట్లో ఉండేదని జేజమ్మ చెప్పేది. నేను చూడలేదు.

ఇదంతా మేనల్లుడితో అన్నాను. వాడు ఊరుకోలేదు. “అత్తయ్యా, స్టాంపులు అతికించే ముసలామెతో ఆట ఎలా చేస్తారు? ఆమె చేయగలిగింది ఏముంది? అతికించు, అతికించు, అతికించు. అది ఆట కాదు. ఈ నాయకుడికి తలుపులు తెరవగల అధికారం ఉంది, అందుకే కథ నడుస్తుంది,” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. ఆఫీసు తలుపులు తెరవగలిగినవాడే ఆఫీసు మోసాన్ని లోపలి నుంచి చూపగలడు. రచయితలు తమకు తెలిసిన లోకాన్నే ఎంచుకున్నారు, దానిని నిజాయితీగా చూపారు.

కాని “చేయగలిగింది ఏముంది” అన్న మాటను నేను ఒప్పుకోలేదు. 1871లో మారిషస్‌లో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు ఒక అర్జీ పెట్టుకున్నారు. కూలి కోతల గురించి, టికెట్ల గురించి, అరెస్టుల గురించి. దానిని రాసిపెట్టిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ జర్మన్ వంశంవాడే. అందుకు తోట యజమానుల పక్షంవాళ్ల చేతిలో ఆయన పోర్ట్‌లూయీలో దెబ్బలు తిన్నాడు. ఆ అర్జీ ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది. ఆ 9,401 మందికీ తెరవడానికి తలుపులు లేవు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పేరు పెట్టారు, రానివాళ్లు గుర్తు పెట్టారు. ఇక్కడి స్టాంపుల పుస్తకాలవాళ్లూ పుస్తకం మూసి ఊరుకోలేదు, కోర్టుకు వెళ్లారు. ఇది కథ కాదా? దీనిలో గడియారం లేదా? సిర్దారు చూడని వేళ చూసుకుని, పక్క తోటకు నడిచి వెళ్లి, ఇంకొక పేరు తీసుకుని, తెల్లవారే లోపల తిరిగి రావడం ‘కరప్షన్’లోని ఏ చిక్కుకు తీసిపోతుంది?

మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, “తాడును ఆ యంత్రంలో ఏమని పెట్టాలి?” అని అడిగాడు. “తాడు అనే పెట్టు. ముళ్లు లెక్కపెట్టు అంటే దానికి అర్థం కావాలి,” అన్నాను.

కనుక నా తీర్పు ఇది. ‘కరప్షన్’ మంచి ఆట. ఆర్థిక నేరాన్ని హత్యలాగా కాక, ఆఫీసు రోజులాగా చూపినందుకు దానిని పెద్ద తరగతుల పిల్లల చేత ఆడించవచ్చు. వాణిజ్య శాస్త్రం చదివేవాళ్లకు మరీ మంచిది. అయితే ఆట ముగిశాక టీచరు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ కాగితం నిజమని నీకు ఎవరు చెప్పారు? ఈ డబ్బు ఎవరిది? ఈ రెండూ అడగకుండా వదిలితే, పిల్లలు ఉచ్చు నుంచి తప్పించుకోవడం మాత్రమే నేర్చుకుంటారు.

మన సంఘంలో కంప్యూటరు తెలిసిన యువకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. తెలుగు తరగతికి రమ్మంటే తీరిక లేదంటారు. వాళ్లకు ఒక పని చెబుతున్నాను. తాడుతో మొదలయ్యే ఆ ఆటను తెలుగులో తయారు చేయండి. మాటలు కావాలంటే మా సాయంకాలపు తరగతికి రండి. మొదటి పాఠంలోనే మీకు కావలసినవన్నీ ఉన్నాయి: చూడు, తెరువు, అడుగు, లెక్కపెట్టు.